నీడబడిలో దయ

సుభాషిణి టీచర్ రాసిన పాఠ్య ప్రణాళికకి అట్టమీద ఏ బొమ్మ వెయ్యాలన్న విషయంలో ఎవరికీ రెండో మాట లేకపోయింది. ఉంగరాల జుట్టు పిల్లవాడొకడు ఒక చిన్నపిల్ల చేతిలో బిస్కట్ పాకెట్ పెట్టి, మెల్లగా భుజం తడుతున్నాడు. ఆ ఇద్దరూ నిజం పిల్లలు కారు. కాకినాడ ప్రయోగశాలలో గోడంత తెరమీద పెరిగే నీడలు. అయినా ఆ బొమ్మ చూసినవాళ్ళకి కళ్ళు చెమర్చేవి. సుభాషిణికైతే చూసినప్పుడల్లా చెమర్చేవి, మరి ఆవిడ రోజూ చూసేది.

ఆవిడ చింతలమెట్ట ప్రాథమిక పాఠశాలకి హెడ్మిస్ట్రెస్. చుట్టుపక్కల మంచి టీచరెవరంటే ముందు ఆవిడ పేరే చెబుతారు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. గొంతు పెంచి ఎరగదు, బెత్తం పట్టి ఎరగదు. "అమ్మలూ", "నాన్నా" అనే తప్ప పిల్లల్ని పేరు పెట్టి పిలవదు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు రుబ్బించడమేనా చదువంటే అని మీటింగుల్లో అడిగి అడిగి, చివరికి ఆ పని తన నెత్తిమీదికే తెచ్చుకుంది. చిన్నపిల్లల చదువు ఎలా ఉండాలో మీరే రాయండి తల్లీ అన్నారు పైవాళ్ళు.

రాసింది. మళ్ళు చేసి తోటకూర పెంచడం, సంతలో బేరమాడి లెక్కలు నేర్చుకోవడం, డప్పు, పాట, మట్టిపని, వంట, ఊరి కాలవ ఎక్కణ్ణించి వస్తోందో వెంబడే నడిచి చూడడం. వీటన్నిటికీ అడుగున మూడే మాటలు పెట్టింది: నిజం, ధైర్యం, దయ. ఏ పాఠమైనా తిరిగి తిరిగి ఈ మూడింట్లో ఒకదాని దగ్గరికి చేరాలి. మూడింట్లోనూ దయంటే ఆవిడకి ప్రాణం.

పూర్వమైతే ఇలాంటివి రాసి, బడుల మీదికి వదిలి, ఓ తరం పిల్లలు పెద్దయ్యాక నాలిక్కరుచుకునేవాళ్ళు. ఇప్పుడు నీడబడి వచ్చింది. దాన్ని డాక్టర్ ఫణీంద్ర కనిపెట్టాడు. తరగతిలో కెమెరాలు పెట్టి, ఏ పిల్ల ఎలా చూస్తుందో, దేనికి నవ్వుతుందో, దేనికి జంకుతుందో పట్టి, ఆ పిల్లకో నీడని మిషన్లో మొలిపిస్తాడు. పాఠాలు పెడుతుంటే ఆ నీడలు నేర్చుకుంటూ పెరుగుతాయి. పొద్దున్న ఒకటో తరగతిలో చేరిన నీడ మధ్యాహ్నం భోజనాల వేళకి ఐదు పాసవుతుంది. వెనకాల చిన్న నీడలు చేరుతూ ఉంటాయి, పెద్దవి వాటికి నేర్పుతూ ఉంటాయి, అచ్చం బడిలాగే. చదువు వికటిస్తే అంతా చెరిపేసి మళ్ళీ మొదలెట్టొచ్చు. నిజం పిల్లలతో ఆ వెసులుబాటు లేదు గదా.

మొలకలకి విత్తనాలు ఎవరంటే, రెండేళ్ళ కిందట సుభాషిణి బడిలో ఒకటో తరగతి చదివిన పిల్లలే. కన్నవాళ్ళందరి తరపునా సంతకం పెట్టింది ఆవిడే.

తెరమీద ఒక కిటికీ ఉంటుంది. తెరిస్తే నీడబడి కనిపిస్తుంది. ఎవరో చూడ్డానికొచ్చారని నీడలకి కూడా తెలుస్తుంది. మాటలు వినాలంటే మాత్రం మిషను చచ్చీచెడీ నడుస్తుంది. అందుకని మాట కట్టేసి, బొమ్మే చూసుకునేవాళ్ళు. మార్కులు ఎలాగూ మిషనే వేస్తుంది. ఎవరు ఎవరికి ఏం పెట్టారు, పడ్డవాణ్ణి ఎవరు లేపారు, ఇవన్నీ చూసి దయకింత, ధైర్యానికింత అని గోడమీద గీతలు పైకి లేపుతుంది. సుభాషిణి చదువు పెట్టాక దయ గీత తెర అంచు దాకా పోయింది. ఎక్కడ చూసినా బిస్కట్ పాకెట్లే. ఏ పెద్ద నీడైనా ఏదో ఒక చిన్న నీడకి ఇచ్చి భుజం తట్టడమే.

"చూశారా మేడమ్, ప్రశ్న అడగ్గానే ఒక్క చెయ్యి కిందికి లేదు," అన్నాడు ఫణీంద్ర ఒకరోజు పొంగిపోతూ.

సుభాషిణి చూసింది. అందరూ చేతులెత్తారు, నిజమే. కాని సగంమంది ఎడమచెయ్యి ఎత్తారు. ఆవిడకి నవ్వొచ్చింది. ఇన్‌స్పెక్షన్ రోజున బళ్ళో జరిగే భాగోతం అది. ఏమడిగినా అందరూ చెయ్యెత్తాలి. తెలిసినవాళ్ళు కుడిది, తెలియనివాళ్ళు ఎడమది. టీచరు కుడిచెయ్యి వాళ్ళనే లేపి అడుగుతుంది. వచ్చినాయన, ఆహా ఏం పిల్లలండీ అని రాసి పోతాడు. ఇది ఆవిడ కనిపెట్టిందేం కాదు, చిన్నప్పుడు ఆవిడ టీచర్లు ఆవిడకి నేర్పిందే. మన పిల్లలే, ఎక్కడికి పోతారు అని ముచ్చటపడింది. ఇంటి గుట్టు కదా అని ఫణీంద్రకి చెప్పలేదు.

విద్యాశాఖ కమిషనర్ గారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన చూసి ఊఁ అంటే జూన్ నుంచి రాష్ట్రంలో ప్రతి చిన్న బడికీ సుభాషిణి రాసిన చదువే. ఆ వారంలోనే ఫణీంద్ర ఫోన్ చేశాడు.

"ఒక నీడ తేడాగా ఉందండి. కిటికీ తెరిచినప్పుడల్లా లేచి, సంచీ తీసుకుని గోడవెనక్కి పోతోంది. మూసేశాక వచ్చి కూర్చుంటోంది. ఏదో లోపం. దాన్ని బాగుచెయ్యాలంటే టైము పడుతుంది."

"చూసేవాళ్ళు వచ్చేటప్పుడు ఆ తలనొప్పి ఎందుకండీ. దాన్ని తీసెయ్యండి," అంది సుభాషిణి. ఏ పిల్ల నీడ అని అడగలేదు. అడగాలని తోచలేదు.

ఫణీంద్ర దాన్ని చెరిపి మళ్ళీ మొదటినుంచి నడిపించాడు. మధ్యాహ్నానికి ఇంకో నీడ సంచీ తీసుకుని లేచింది. దాన్నీ చెరిపాడు. మూడోది లేచింది. మర్నాడు సుభాషిణి స్వయంగా వెళ్ళి చూసేసరికి ఆయన నెత్తి గోక్కుంటూ కూర్చుని ఉన్నాడు.

"తీసేకొద్దీ ఇంకొకరు లేస్తున్నారు మేడమ్. మిగిలినవాళ్ళలో ఎవరు వెనకబడితే వాళ్ళు. ఒకసారి మాట పెట్టి చూద్దామా?"

పెట్టారు. మిషను మూలుగుతూ నెమ్మదించింది. అట్టమీది బొమ్మలోని ఉంగరాల జుట్టు పిల్లవాడే, ఈసారి ఇంకెవరో పిల్లముందు మోకాళ్ళమీద కూర్చుని, బిస్కట్ పాకెట్ చేతిలో పెడుతున్నాడు. వాడి పెదాలు కదిలాయి.

"అమ్మలూ, రేపు మనల్ని చూడ్డానికి వస్తున్నారమ్మా. నువ్వు రేపు రావద్దే. ఇంటిదగ్గర హాయిగా ఆడుకో, ఎల్లుండి వద్దువుగాని. ఇదిగో, ఇది తిను."

భుజం తట్టాడు. గోడమీద దయ గీత ఒక మెట్టు పైకెక్కింది.

ఫణీంద్రకి అంతుబట్టలేదు. "ఈ మాట ఎక్కణ్ణించి వచ్చింది? మన పాఠాల్లో ఎక్కడా లేదే."

 ఆ మాట సరే, ఆ రాగం ఎవరిదో సుభాషిణికి తెలుసు. 'అమ్మలూ' దగ్గర కాస్త సాగదీసి, 'రావద్దే' దగ్గర చక్కెర కలిపి, 'ఇది తిను' దగ్గర నవ్వే ఆ గొంతుని జిల్లా అంతా మెచ్చుకుంది.

ఏ బుద్ధి ఏ క్షణంలో మొలిచిందో మిషను వెతికి చూపెడుతుంది. ఫణీంద్ర వెతికించాడు. తెరమీద చింతలమెట్ట బడి, రెండేళ్ళ కిందటిది. కెమెరాలు బిగించిన కొత్తలో. ఆకుపచ్చ నేతచీరలో సుభాషిణి మోకాళ్ళమీద కూర్చుని ఉంది. ఆవిడ ముందు ఒకటో తరగతి పిల్ల నూకరత్నం నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

నూకరత్నం మొద్దు పిల్లేం కాదు. అడిగినదానికి జవాబు చెబుతుంది, కాని ఆలస్యంగా చెబుతుంది. 'నీ పేరేంటి' అన్నా కాసేపు మనిషి మొహంలోకి చూసి, అప్పుడు చెబుతుంది. చూడ్డానికొచ్చేవాళ్ళకి అంత ఓపిక ఎక్కడుంటుంది? అందుకని ఎవరొచ్చినా ఆ ముందురోజు సుభాషిణి ఆ పిల్లని పక్కకి పిలిచి, నొప్పి తెలియకుండా, ఓ బిస్కట్ పాకెట్ ఇచ్చి పంపించేది. కొందరు టీచర్లు కసిరి పంపుతారు. తను అలా కాదు కదా అనుకునేది. కెమెరాల వాళ్ళు వచ్చే రోజుల్ని కూడా ఇన్‌స్పెక్షన్ కిందే లెక్కేసింది. నూకరత్నం నీడ మొలిచింది, పంపించెయ్యకముందు కెమెరాలకి దొరికిన ఆ మొదటి ఒకటి రెండు రోజుల్లోంచే. మిగతా పిల్లల నీడలన్నీ చూపించడానికి తయారైన రోజుల్లోంచి మొలిచినవే.

తెరమీద తన మొహం చూసుకుంది. ఎంత ప్రేమ ఉందో ఆ మొహంలో. తిట్టినట్టు ఉన్నా బాగుండేది. పిల్ల పాకెట్ తీసుకుని గుమ్మం దాటుతుంటే మిగతా పిల్లలందరూ తలలు తిప్పి చూస్తున్నారు, నల్లబల్లమీద పాఠం చూసినట్టు. అంత శ్రద్ధగా వాళ్ళు ఆవిడ చెప్పిన ఏ పాఠమూ వినలేదు. సుభాషిణికి తల కొట్టేసినట్టయింది.

"మొదట నేను తీసెయ్యమన్నది ఈ పిల్ల నీడేనా?" అంది.

"అవునండి," అన్నాడు ఫణీంద్ర. తనే మళ్ళీ అందుకున్నాడు. "అంత బాధపడాల్సిందేముంది మేడమ్. అందరూ చేసేదే కదండి. మా బళ్ళో నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు, వెనకబెంచీ వాళ్ళని మామిడితోటకి తోలేసేవారు. పోనీ ఆ ఒక్క ముక్కా కోసేద్దాం. మిగతాదంతా బంగారంలా ఉంది."

కోశాడు. బడి మళ్ళీ మొదలైంది. నీడలు తోటకూర పెంచాయి, డప్పు కొట్టాయి, కాలవ వెంబడి నడిచాయి. సంచీ తీసుకుని ఎవరూ లేవలేదు. ఫణీంద్ర హమ్మయ్య అనబోయి ఆగిపోయాడు. భోజనాల వేళకి దయ గీత నేలమీదే పడుకుని ఉంది. ఎవరైనా పడిపోతే మిగతావి చుట్టూ తిరిగి వెళ్ళిపోతున్నాయి. ఆ బడిలో ఉన్న దయంతా ఆ ఒక్క బిస్కట్ పాకెట్‌లోంచే మొలిచింది మరి.

సుభాషిణి ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు. కమిషనర్ గారికి ఫోన్ చేద్దామని నంబరు తీసేది, మళ్ళీ పెట్టేసేది. మాట కట్టేసి చూపిస్తే ఎవరికి తెలుస్తుంది అని ఒక పక్క అనిపించేది. అలా అనిపించినందుకు ఇంకో పక్క సిగ్గుతో చచ్చిపోయేది. మర్నాడు బళ్ళో నూకరత్నం ఉండే మూడో తరగతి గదిముందు నుంచి వెళ్ళాల్సొచ్చి, చుట్టూ తిరిగి వంటపాక వెనకనుంచి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే గేటు దగ్గర ఓ మోటార్ సైకిల్ ఆగింది. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. ఇన్సూరెన్స్ ఏజెంటు, రెండో తరగతి మాస్టారి దగ్గర పాలసీ కట్టించుకోడానికి వచ్చాడు. ఆయనింకా స్టాండైనా వెయ్యలేదు, మూడో తరగతి గదిలోంచి నూకరత్నం బయటికొచ్చింది. భుజాన సంచీ. ఎవరూ పొమ్మనలేదు. పాకెట్ కోసం ఎవరి మొహమూ చూడలేదు. ఏజెంటుకి కనపడకుండా గోడవారగా నడిచి, వెనకగేటు తీసి, మళ్ళీ చప్పుడు కాకుండా వేసి, రోడ్డెక్కింది.

వరండాలో ఉన్న సుభాషిణి పిలుద్దామని నోరు తెరిచింది. ఏమని పిలవాలో తెలియలేదు. 'అమ్మలూ' అనడానికి మనసొప్పలేదు. ఈలోగా పిల్ల మలుపు తిరిగిపోయింది.

కమిషనర్ గారు చెప్పిన రోజుకే వచ్చారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. తెర చూశారు, తోట చూశారు, దయ గీత చూశారు. ఫణీంద్ర ఏమీ కొయ్యకుండా మొదటి బడినే పెట్టాడు. కమిషనర్ గారు అట్ట మీద బొమ్మని వేలితో నిమిరి, "ఇది చాలండి, ఇంకేం అక్కర్లేదు," అన్నారు.

"మాట కూడా పెట్టండి ఫణీంద్రగారూ," అంది సుభాషిణి.

"మేడమ్," అన్నాడు ఆయన, చిన్నగా, బతిమాలుతున్నట్టు.

"పెట్టండి."

ఉంగరాల జుట్టు పిల్లవాడు మళ్ళీ మోకాళ్ళమీద కూర్చున్నాడు. గదిలో అందరూ విన్నారు. రేపు రావద్దే. ఎల్లుండి వద్దువుగాని. ఇదిగో, ఇది తిను.

"ఈ మాట పిల్లాడికి ఎవరు నేర్పారు?" అని అడిగారు కమిషనర్ గారు.

"నేనేనండి. అది నా గొంతే. మా బళ్ళో ఒక పిల్లని అలాగే పంపిస్తుంటాను. ఇన్నాళ్ళూ అదే దయ అనుకున్నాను." ఆవిడ చూపు నేలమీద ఉంది.

ఆయన తెరవైపు తిరిగారు. గోడవెనక్కి పోతున్న నీడని చూస్తున్నారు.

"మాకైతే బిస్కట్ కూడా ఇచ్చేవారు కాదు," అన్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు. "మాట కట్టెయ్యండి. బొమ్మ బాగుంది. జూన్ నుంచి పెడదాం. ఒక్క పిల్ల సంగతి పట్టుకుని ఇంత పని ఆపుకుంటామా?"

"ఒక్క పిల్ల కాదండి. ఆ పిల్లని తీస్తే ఇంకో పిల్ల లేస్తోంది. దాన్నీ తీస్తే మరొకటి. రాష్ట్రమంతా పెడితే ప్రతి బడిలోనూ ఒకరు లేస్తారు. ఆఖరికి మనకి చూపించడానికి ఒక్కడు మిగులుతాడు." సుభాషిణి తలెత్తింది. "నీడలకి ఒప్పుకుని సంతకం పెట్టింది నేను. అది వెనక్కి తీసుకుంటున్నాను. వాడుకోవద్దు."

ఫణీంద్ర కుర్చీలో కూలబడ్డాడు. కమిషనర్ గారికి కోపం వచ్చింది, వచ్చిన కోపాన్ని కాసేపు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పిల్లల్ని మళ్ళీ కెమెరాల్లో పట్టాలంటే ఏడాది పోతుందమ్మా. సరే. సోమవారం మా మనుషులే కెమెరాలతో వస్తారు. హాజరుపట్టీలో ఉన్న ప్రతి పిల్లా బళ్ళో ఉండాలి. ఎలా ఉంటే అలా," అన్నారు లేస్తూ.

సుభాషిణి కాకినాడ నుంచి ఇంటికి పోకుండా తిన్నగా రొయ్యల షెడ్ల వెనక ఉన్న పేటకి వెళ్ళింది. పొద్దు ఇంకా వాలలేదు. నూకరత్నం తల్లి గంగ అప్పుడే పనినుంచి వచ్చి, నీళ్ళలో నాని ముడతలు పడ్డ చేతుల్ని చీరకి తుడుచుకుంటోంది. హెడ్మిస్ట్రెస్‌ని గుమ్మంలో చూసి గబగబా ఎదురొచ్చింది.

"ఏం తప్పు చేసిందండి మా పిల్ల?"

"తను కాదు గంగా. నేనే చేశాను," అంది సుభాషిణి. గంగకి అర్థం కాలేదు. టీచర్లు అలా మాట్లాడడం ఆవిడ వినలేదు. కంగారుగా కుర్చీ కోసం పక్కింటికి పరిగెత్తింది.

సుభాషిణి గడప మెట్టుమీదే కూర్చుండిపోయింది. లోపల్నుంచి నూకరత్నం వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

"సోమవారం మనల్ని చూడ్డానికి వస్తున్నారు," అంది సుభాషిణి.

"రానులెండి టీచర్," అంది పిల్ల.

ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఏ ప్రశ్నకీ ఇంత తొందరగా జవాబు చెప్పి ఎరగదు. సుభాషిణికి ఆ మెట్టుకింద మట్టిలో కలిసిపోతే బాగుండుననిపించింది.

"కాదు నూకరత్నం. నువ్వు రావాలి. అది చెబుదామనే వచ్చాను. నువ్వు ఎంతసేపు ఆలోచించుకున్నా ఫరవాలేదు. తెలియకపోతే చెయ్యే ఎత్తక్కర్లేదు."

పిల్ల టీచర్ మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎప్పటిలాగే చాలాసేపు చూసింది. సుభాషిణి మొదటిసారి ఆ చూపు ముందు తొందరపెట్టకుండా కూర్చుంది.

"మరి ఈసారి ఎవర్ని రావద్దన్నారు టీచర్?"

"ఎవర్నీ అనలేదమ్మా. అందరూ వస్తారు."

నూకరత్నం తలూపింది. నమ్మినట్టు లేదు. టీచరు పాపం చెప్పడానికి మొహమాటపడుతోందని అనుకున్నట్టుంది. లోపలికి వెళ్ళి, గూట్లో గిన్నెలు జరిపి, ఒక బిస్కట్ పాకెట్ తీసుకొచ్చింది. అంచులు నలిగి ఉన్నాయి, చింపలేదు.

"పోయినసారి మీరిచ్చిందేనండి. నేను తినలేదు," అంది. "ఎవర్ని రావద్దన్నారో వాళ్ళకిచ్చెయ్యండి. లేకపోతే ఏడుస్తారు."

సుభాషిణి చెయ్యి చాపలేకపోయింది. నూకరత్నమే ఆవిడ అరచేతిని తెరిచి, పాకెట్ అందులో పెట్టి, మెల్లగా భుజం తట్టింది.